పెదవులు సున్నా చుట్టిన చోట

తలుపు జానెడు మందం ఉంది. అది మూసుకోగానే బయట లోకమంతా ఎవరో ప్లగ్గు పీకేసినట్టు ఆగిపోయింది. ఆరుమార్కులాయనకి మిగిలిందల్లా ఒక కుర్చీ, చెవుల మీద గట్టిగా పట్టేసిన హెడ్‌ఫోన్లు, చేతిలో కాలింగ్‌బెల్లు స్విచ్చంత బటన్. గది బట్టల బీరువా కంటే కాస్త పెద్దది, గోడలకి బూడిదరంగు స్పాంజి, ఎదురుగా రెండు పొరల అద్దం, అద్దానికి అవతల చెవుల పరీక్ష చేసే అమ్మాయి, ఆమె వెనక గోడమీద పదకొండుంబావు చూపిస్తున్న గడియారం. ఎంత సన్నగా ఉన్నా సరే, శబ్దం వినబడిందనిపిస్తే చాలు బటన్ నొక్కండి సార్, అనిపించకపోతే ఊరుకోండి, అని ఆమె మైకులో చెప్పింది. అలా చెప్పిందని ఆయన అనుకున్నాడు, ఎందుకంటే మాటలు కాస్త నమిలినట్టున్నాయి. ఈ మధ్య అందరూ నమిలే మాట్లాడుతున్నారు, బ్యాంకులో, బస్సులో, ఆఖరికి టీవీలో వార్తలు చదివేవాళ్ళు కూడా, మాటకి చివర ఒకటి ఉంటుందని ఎవరికీ గుర్తులేదు. దీని మీద ఆయన పోయిన సంవత్సరం ఒక వ్యాసమే రాశాడు.

మొదటి శబ్దం కుడిచెవిలో వచ్చింది, లావుగా, గుండ్రంగా. నొక్కాడు. ఇదీ ఒక పరీక్షేనా అనుకున్నాడు, బేస్ గిటారులో అన్నిటికంటే లావు తీగని బొటనవేలితో తడితే వచ్చే శబ్దం ఇది, దీన్ని నిద్రలో కూడా పోల్చుకుంటాడు. ఐదుగురు అన్నదమ్ముల బ్యాండు ఒకటి ఉండేది, ఇప్పుడూ ఉంది, కాకపోతే అన్నదమ్ముల్లో ఒక్కడే మిగిలాడు, మిగతా నలుగురినీ జీతానికి పెట్టుకున్నారు, బోర్డు మీద పేరు మాత్రం మార్చలేదు. ఆ మిగిలిన ఒక్కడూ బేస్ వాయించే పెద్దాయన, డెబ్బై నాలుగేళ్ళు, కుర్చీలో కూర్చుని గంటన్నరసేపు ఒక్క దెబ్బ కూడా అటూ ఇటూ పోనివ్వలేదు, చుట్టూ జీతగాళ్ళు గంతులేస్తుంటే ఆయన ఇంటికి తాళం వేసేవాడిలా శ్రద్ధగా తన పని చూసుకున్నాడు. ఆయన కోసమే ఐదు వేశాను. మళ్ళీ శబ్దం, ఇంకా సన్నగా. నొక్కాడు. పదికి ఐదు అంటే నా దగ్గర గొప్పే కదా. నలభై ఏళ్ళుగా ఒకే దినపత్రికలో, ఊరికి వచ్చిన ప్రతి గాయకుడి గురించీ ప్రతి బ్యాండు గురించీ రాస్తూ, ఏ ఒక్కరికీ ఆరు దాటి వేయని మనిషి ఆయన. ఆరుమార్కులాయన అన్న పేరు పాఠకులు పెట్టిందే. మొదట్లో ఉడుక్కున్నాడు, తర్వాత అలవాటైంది, ఆ తర్వాత ఆ పేరు నిలబెట్టుకోవడం కోసం ఒకరిద్దరికి ఏడు వేయాల్సిన చోట కూడా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పదిహేనేళ్ళుగా వస్తున్నవాళ్ళంతా ముసలివాళ్ళే. కుర్రకారు పాటలు ఫోన్లలో ఉంటాయి, హాలు నింపగలిగింది ముసలివాళ్ళు మాత్రమే, వినేవాళ్ళూ పాడేవాళ్ళూ కలిసి ఒకేసారి మోకాళ్ళు పట్టుకుని లేస్తారు. ఒక గిటారాయన మూడుసార్లు ఆఖరి కచేరీ చేశాడు, ఇంటికొచ్చిన చుట్టం వెళ్ళొస్తానని గుమ్మం దగ్గర గంటసేపు నిలబడి మాట్లాడినట్టుంది ఈయన వరస, అని రాశాడు. ఇంకొకాయన పాటలో ఎత్తు రాగానే మైకు జనం వైపు తిప్పేస్తాడు, మనం అది ప్రేమ అనుకుంటాం, అది బరువు దించుకోవడం, అని రాశాడు. ఒకావిడ తన పాత పాటలు పదహారింటిని పన్నెండు నిమిషాల్లో కలిపి పాడేసింది, మాత్రలన్నీ ఒకేసారి నోట్లో పోసుకుని గుక్కెడు నీళ్ళు తాగినట్టు. ఈ పోలిక మాత్రం తనది కాదు, భార్యది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు మందుల షాపులో పనిచేసింది, డాక్టర్ల గిలుకుడు చదివి చదివి ఏ విషయాన్నైనా ఒక్క ముక్కలో తేల్చేస్తుంది, కచేరీ నుంచి ఇంటికొచ్చేదారిలో బస్సులో పక్కసీట్లోంచి అలాంటి ముక్కలు నాలుగు పడేసేది, పొద్దున అవి ఆయన పేరు మీద అచ్చయ్యేవి. దొంగతనమండీ ఇది, అని నవ్వేది. బస్సులో ఆవిడ నవ్వి ఐదేళ్ళయింది. మళ్ళీ శబ్దం, ఈసారి కాస్త పైకి, ఎవరో దూరంగా సీసా మూతిలోకి ఊదినట్టు. నొక్కాడు.

ఐదేళ్ళు. మోకాలు నొప్పి అంది మొదట. తర్వాత చెల్లెలు వస్తోంది అంది. ఆ తర్వాత కారణం చెప్పడం కూడా మానేసి, మీరు వెళ్ళిరండి, అనేది. రెండో టికెట్ ఎప్పుడూ ఖాళీ కుర్చీ మీద కోటు పెట్టుకోవడానికి పనికొచ్చేది. ఇప్పుడు కూడా చొక్కా జేబులో రెండున్నాయి, శనివారానివి, పత్రిక వాళ్ళు ఎప్పుడూ రెండే ఇస్తారు. శనివారం పాడబోతున్నది గాజుగొంతు. జనం ఆమెని ఆ పేరుతోనే పిలుస్తారు, ఇరవై రెండేళ్ళప్పుడు ఆమె గొంతు గాజుగ్లాసుని గోటితో మీటినట్టు ఉండేదట, ఉండేదట ఏమిటి, తను విన్నాడుగా. ఇప్పుడు అరవై తొమ్మిది. ఐదేళ్ళ తర్వాత మళ్ళీ అదే హాల్లో, అదే స్టేజి మీద. ఆయన అలవాటు ప్రకారం సమీక్షలో మొదటి వాక్యం అప్పుడే తయారై కూర్చుంది, కొన్ని తలుపులు మూసుకున్నాక మళ్ళీ తట్టకూడదు, అని. కచేరీ వినకముందే వాక్యం ఎలా వస్తుందని అడగకూడదు, వంటవాడు కూరలు చూడకముందే నీళ్ళు పెట్టేస్తాడా లేదా, ఇదీ అంతే, కచేరీ ఆ వాక్యానికి సరిపోకపోతే అప్పుడు మారుద్దాం అనుకుంటాడు. మార్చిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

శబ్దం రాలేదు. ఊరికే కూర్చున్నాడు. ఊరికే కూర్చుంటే తన నెత్తురు తనకే వినబడుతోంది, డ్రమ్ముల మీద బట్ట కప్పి వాయిస్తున్నట్టు.

అసలు ఇక్కడికి రావాల్సిన పని లేదు. పొగ అలారం తెచ్చిపెట్టింది ఇదంతా. మూడువారాల కిందట భార్య చెల్లెలింటికి రెండురోజులు వెళ్ళింది, ఆ రెండురోజులూ ఆయన హాల్లో సోఫాలో కూర్చుని ఒక పాత డ్రమ్మరు జీవితకథ చదువుకున్నాడు, హాయిగా, నిశ్శబ్దంగా. ఆవిడ తలుపు తీసి సంచి కింద పెట్టకముందే, ఇదేమిటండీ ఇది, ఎలా భరిస్తున్నారు, అంది. దేన్ని, అన్నాడు. బ్యాటరీ అయిపోయిందని పైకప్పు మీద అలారం నిమిషానికోసారి కీచుమంటోందట, సరిగ్గా ఆయన నెత్తిమీద, కిందింటివాళ్ళు రెండుసార్లు వచ్చి కాలింగ్‌బెల్లు కొట్టి వెళ్ళారట కూడా. నేను చదువుకుంటున్నాను, అన్నాడు. ఆవిడ స్టూలెక్కి బ్యాటరీ తీసి, దిగకుండా అలాగే నిలబడి, చేతిలో బ్యాటరీ పట్టుకుని ఆయన్ని చూసింది. చాలాసేపు చూసింది. కోపంగా కాదు, మందుల చీటీలో ఇన్నాళ్ళూ ఒక మాటనుకుని చదివింది ఇంకో మాటేమోనని అనుమానం వచ్చినట్టు. మర్నాడే ఇక్కడ అపాయింట్‌మెంట్ తీసుకుంది. కచేరీకి రానిమనిషి, కూరగాయల మార్కెట్‌కి కూడా విడిగా వెళ్ళే మనిషి, ఈ రోజు పొద్దున చెప్పులేసుకుని, పదండి నేనూ వస్తున్నా, అంది. ఇప్పుడు బయట వెయిటింగ్ రూములో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్ళో బ్యాగు, బ్యాగు మీద రెండుచేతులు. ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. ముసలాయనకి తోడు అనుకుందామంటే దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

అద్దం అవతల అమ్మాయి వేలు కదిలింది. ఆమె ముందున్న పెట్టె మీద ఒక మీట ఉంది, చూపుడువేలితో దాన్ని కిందికి నొక్కింది, రెండు సెకన్లు ఉంచి వదిలింది. ఆయన చెవుల్లోకి ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కింది, ఉంచింది, వదిలింది. ఏమీ లేదు. అప్పుడు ఆయన తన జన్మలో చెయ్యననుకున్న పని చేశాడు. మూడోసారి ఆమె వేలు వంగగానే బటన్ నొక్కాడు. వినబడినట్టు ముఖం కూడా పెట్టాడు, తల కాస్త పక్కకి వంచి, కచేరీల్లో కెమెరాలు తన వైపు తిరిగినప్పుడు పెట్టే ముఖం అది. ఆమె రాసుకుంది. నాలుగోసారి కూడా నొక్కాడు. ఐదోసారికి ఆమె తలెత్తి చూసి, కుర్చీ అడ్డంగా తిప్పుకుని, చెయ్యి కనబడకుండా ఫైలు ఒకటి నిలబెట్టింది. "నన్ను చూడకండి సార్. కావాలంటే కళ్ళు మూసుకోండి," అంది. తప్పు చేసి దొరికిన మనిషికి రావాల్సిన సిగ్గు ఆయనకి రాలేదు, ఈ మాత్రం కూడా నమలకుండా చెప్పలేదు చూడు, అనుకున్నాడు.

కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకుంటే ఇంకా సులువైంది, ఎందుకంటే వేలు కనబడకపోయినా వరస తెలిసిపోయింది. రెండు సెకన్ల శబ్దం, నాలుగు సెకన్ల విరామం, మళ్ళీ రెండు. నలభై ఏళ్ళు తాళం లెక్కపెట్టిన మనిషికి ఆమాత్రం లెక్క చెప్పాలా. ఒకటి రెండు మూడు నాలుగు, నొక్కు. ఒకటి రెండు మూడు నాలుగు, నొక్కు. వెండిబూట్లాయన గుర్తొచ్చాడు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో వెండిరంగు బూట్లేసుకుని స్టేజి ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తుతూ ఆయాసం లేకుండా పాడుతుంటే హాలంతా ఊగిపోయింది, ఆరుమార్కులాయన ఒక్కడే ఊగలేదు, మూడో వరసలో కూర్చుని ఆయన గొంతుముడి వైపు చూస్తూ ఉన్నాడు. మధ్యలో ఆ బూట్లాయన సీసా ఎత్తి నీళ్ళు తాగాడు, పాట రెండు మాటలు ముందుకెళ్ళిపోయింది. నోట్లో నీళ్ళుండగా మాట పలికిన మొదటి మనిషిని నిన్న రాత్రి చూశాను, అని మొదలుపెట్టి మొత్తం ఉతికి ఆరేశాడు. టేపు వేసుకుని పెదవులాడించేవాడికి టికెట్ డబ్బు వెనక్కివ్వాలన్నాడు. ఊరంతా ఆ సమీక్ష చదివి మెచ్చుకుంది, నిప్పులాంటి మనిషన్నారు. ఒకటి రెండు మూడు నాలుగు, నొక్కు. నేనిప్పుడు చేస్తున్నదేమిటి, అని ఒక ఆలోచన వచ్చింది, వచ్చి కూర్చుంది, పొమ్మంటే పోలేదు. వేలు మాత్రం దాని పని అది చేస్తూనే ఉంది.

హెడ్‌ఫోన్లలో గరగర. "సార్, ఒక్క నిమిషం. నేను ఇందాకటినుంచి ఏ శబ్దమూ పంపించట్లేదు. ఊరికే కూర్చున్నాను. మీరు ఏడుసార్లు నొక్కారు."

ఆమె కోప్పడలేదు. ఆ గొంతులో కోపం ఉండుంటే కాస్త పోట్లాడి ఉండేవాడు. అందరూ చేస్తారు సార్, ముఖ్యంగా చదువుకున్నవాళ్ళు, పరీక్ష అంటే పాసవ్వాలనుకుంటారు, అని ఓదార్చింది కూడా. రెండు చెవులూ మళ్ళీ మొదలుపెడతాను, ఈసారి వినబడితేనే, అంది. సరేనన్నట్టు తలూపాడు. కళ్ళు తెరిచే ఉంచాడు. ఆమె ఈసారి ఫైలు అడ్డం పెట్టలేదు, ఆయన బటన్ తీసి తొడ మీద పెట్టుకుని, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద వేసి, ఆమె వేలునే చూస్తూ కూర్చున్నాడు. లావు శబ్దాలు వచ్చాయి, చెయ్యి దించి నొక్కాడు. నడిమి శబ్దాలు వచ్చాయి, నొక్కాడు. ఆ తర్వాత వేలు వంగింది, ఏమీ రాలేదు. వంగింది, లేచింది. పని జరుగుతోంది, శబ్దం లేదు. కళ్ళకి కనబడుతోంది, చెవికి అందట్లేదు. ఇది ఇంతకుముందెక్కడో చూశాను. సరిగ్గా ఇలాగే. ఒక మనిషి ఎదురుగా ఏదో చేస్తూ ఉంది, నేను చూస్తూ ఉన్నాను, ఏమీ వినబడలేదు.

గాజుగొంతు. ఐదేళ్ళ కిందట, ఈ ఊళ్ళోనే. బాల్కనీలో ముందువరస, పక్కన భార్య. మొదటి గంటలోనే ఆయన నిర్ణయానికి వచ్చేశాడు, గొంతుకి దుప్పటి కప్పేసింది, మాటల చివర్లు మింగేస్తోంది, తాళాలు కూడా మోగడం లేదు, మిక్సింగ్ వాడు నిద్రపోతున్నాడు, అని చీకట్లోనే నోట్‌బుక్కులో గీకాడు. చివరగా ఆ పాట. నలభై ఏళ్ళ కిందట ఆమెని ఆమెని చేసిన పాట, దాని మధ్యలో గొంతు ఎగిరి ఎక్కడో పైన నిలబడే చోటు ఒకటి ఉంది, ఊళ్ళో సగంమంది ఆ చోటు కోసమే వచ్చారు. ఆ చోటు రాగానే బ్యాండు ఆగింది. ఆమె మైకు కిందికి దించింది. దించి, స్టేజి అంచుదాకా వచ్చి, పెదవులు గుండ్రంగా చుట్టి అలా నిలబడింది. ఆయన గడియారం చూసుకున్నాడు, పదకొండు సెకన్లు. హాలంతా చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. తర్వాత జనం ఒక్కసారిగా లేచి చప్పట్లు కొట్టారు, ఎంతకీ ఆపలేదు, వన్స్ మోర్, వన్స్ మోర్ అని అరిచారు. వన్స్ మోర్ అనేవాళ్ళంటే ఆయనకి మొదటినుంచీ పడదు, మొదటిసారి సరిగా విననివాడే రెండోసారి అడుగుతాడు, అని తరచూ రాస్తుంటాడు. పక్కకి తిరిగితే భార్య కళ్ళు తుడుచుకుంటోంది. ఏమైంది, అన్నాడు. ఏం లేదు, అంది. జాలిపడుతోందనుకున్నాడు. ఆ రాత్రి రాసిన వాక్యం ఇప్పటికీ కంఠతా వచ్చు. ఊరంతటికీ వచ్చు. గొంతు రావలసిన చోట ఆమె పదకొండు సెకన్లు నోరు సున్నాలా చుట్టి నిలబడిపోయింది, తనకి రావలసిన మార్కులేవో తనే చూపించింది, చూసి జాలిపడి జనం చప్పట్లు కొట్టారు. పదికి రెండున్నర వేశాడు, ఆ అర పాత పరిచయానికి.

పొద్దున వంటింట్లో భార్య పేపరు చదివింది. కెటిల్ పొయ్యిమీద ఉంది. చదివి, మళ్ళీ చదివి, ఇదేనా మీరు విన్నది, అని అడిగింది. విన్నదే రాస్తాను, నలభై ఏళ్ళుగా అదేగా చేస్తున్నది, అన్నాడు. ఆవిడ ఊఁ అంది. పేపరు నాలుగు మడతలు పెట్టింది. కెటిల్ అరుస్తోంది దించకూడదూ, అంది, ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు మరి. ఉత్తరాలు చాలా వచ్చాయి ఆ వారం, ఎప్పుడూ వచ్చేవాటికి పదింతలు. ఉత్తరాలు విప్పడం, తను రాసిన కచేరీని మళ్ళీ రికార్డులో వినడం, ఇంకొకరు రాసింది చదవడం, ఈ మూడూ ఆయనకి నిషిద్ధం, పాడేవాడికి ఒక్కసారే అవకాశం ఉన్నప్పుడు వినేవాడికి మాత్రం రెండోసారి ఎందుకు అనేది ఆయన నీతి. అట్టపెట్టెలో పోసి అటకమీద పెట్టేశాడు. గాజుగొంతు ఆ తర్వాత వేరే ఊళ్ళలో పాడింది కానీ ఆ పాట తీసేసిందని తెలిసింది. మాట విన్నందుకు సంతోషం, అని రెండు లైన్లు రాశాడు దాని మీద కూడా. మరో నెలకి ఆమె పాడటమే మానేసింది.

వేలు వంగింది. లేచింది.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏమిటి కొరుకుతున్నావని అడిగాడట. ఈ సామెత తనే ఎన్నిసార్లు వాడాడో, ఎప్పుడూ ఊళ్ళో వినేవాళ్ళని తిట్టడానికే. మైకు ఎందుకు దించింది ఆమె? పాట మరిచిపోయినవాళ్ళు మైకు దించరు, మైకు పట్టుకుని వేలాడతారు, ఎంతమందిని చూశాడు. బ్యాండు ఎందుకాగింది, అందరూ ఒకేసారి, అనుకున్నట్టే? జాలికి చప్పట్లు వస్తాయి, వన్స్ మోర్ వస్తుందా? పెదవులు గుండ్రంగా చుట్టి మనిషి చెయ్యగలిగిన పనులు ఎన్ని? ముద్దు పెట్టడం, వేడి తాగేముందు ఊదడం. ఇంకొకటి. ఆ ఇంకొకటి తల్లోకి రాగానే ఆయన చేతులు కుర్చీని పట్టుకున్నాయి. కాదనుకోవడానికి ఒకే దారి ఉంది, వేలు వంగినప్పుడు ఆ శబ్దం వినబడాలి. వినబడితే ఆ రాత్రి ఆమె నిజంగానే ఊరికే నిలబడింది, నేను రాసింది నిజం. కానీ వినబడితే ఇంకొకటి కూడా నిజమవుతుంది, అలారం కీచుమంటుంటే కావాలని కూర్చున్నట్టు, కెటిల్ అరుస్తుంటే కావాలని దించనట్టు. వినబడకపోతే నలభై ఏళ్ళలో ఎన్నేళ్ళు అబద్ధం? పాసైతే రాతిగుండె, ఫెయిలైతే అబద్ధాలకోరు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే కాబోలు. మనసు పెట్టి విన్నాడు, ఏ కచేరీలోనూ విననంత మనసు పెట్టి, ఊపిరి బిగపట్టి. వేలు వంగింది. లేచింది. వంగింది. ఆయన బటన్ ముట్టుకోలేదు.

తలుపు తెరుచుకుంది. బయటి శబ్దాలు వచ్చాయి, అన్నీ లావు శబ్దాలే. అమ్మాయి ఒక గ్రాఫు చూపించింది. రెండు గీతలు, ఎడమనుంచి కుడికి నేరుగా నడిచి నడిచి, సగం దాటాక మెట్లమీదనుంచి కాలుజారినట్టు కిందికి పడ్డాయి. ఇక్కడిదాకా బాగుంది సార్, ఇక్కడినుంచి లేదు, అంది. మాటల్లో స, ష లాంటి అంచులు, పిట్టలు, అలారాలు, కెటిల్ కూత, ఇలాంటి సన్నటివి.

"ఈల?" అన్నాడు.

"ఈల కూడా సార్. మైకులో గట్టిగా వేస్తే తగలొచ్చు. దూరంనుంచి, మైకు లేకుండా అంటే కష్టం."

"ఎన్నాళ్ళనుంచి ఉండి ఉంటుంది?"

"ఇది ఒక్కసారి వచ్చేది కాదు సార్. మెల్లగా పోతుంది, పోయినట్టు మనకే తెలీదు. ఇంత పడిందంటే ఏడెనిమిదేళ్ళు తక్కువ కాదు." ఆ తర్వాత చెవి మిషన్ల గురించి చెప్పింది, రెండువారాలు పెట్టుకు చూడమని ఒక జత ఇస్తారట, లోపలికెళ్ళి సరిచేసి తీసుకొస్తాను, పది నిమిషాలు బయట కూర్చోండి, అంది. ఆయన తలూపాడు. ఏడెనిమిదేళ్ళు. వారానికి ఒకటి చొప్పున లెక్క వెయ్యబోయి మానుకున్నాడు. మాటలు మింగేశారని తను రాసిన గాయకులు, గొంతుకి దుప్పటి కప్పుకున్నారని తను రాసిన గాయకులు, తాళాలు మోగించని డ్రమ్మర్లు, నిద్రపోయిన మిక్సింగ్ వాళ్ళు, అందరూ వరసగా నిలబడ్డారు.

వెయిటింగ్ రూములో పదిమందిదాకా ఉన్నారు, ఎక్కువగా ముసలివాళ్ళు, వాళ్ళని తీసుకొచ్చిన కొడుకులు కోడళ్ళు. కిటికీ పక్కన భార్య, బ్యాగు మీద రెండు చేతులు, ఇందాక ఎలా ఉందో అలాగే. ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాడు. గ్రాఫు చేతికిచ్చాడు. చీటీలు చదవడంలో ముప్ఫై ఏళ్ళ అనుభవం, ఒక్క చూపుకే తెలిసింది, అయినా చాలాసేపు దాన్నే చూసింది. గీతలు ఎక్కడ పడ్డాయో అక్కడ వేలు పెట్టి చూసింది.

"ఆ రోజు ఆమె ఏం చేసింది?" అని అడిగాడు. ఎవరు, ఏ రోజు, అని ఆవిడ అడగలేదు.

"అయితే మీకు వినబడలేదు," అంది. ప్రశ్న కాదు. గ్రాఫు మడిచి బ్యాగులో పెట్టింది, జిప్పు వేసింది, మళ్ళీ తీసింది, మళ్ళీ వేసింది. "విని కూడా అలా రాశారనుకున్నానండీ. ఐదేళ్ళు అలాగే అనుకున్నా. ఇలాంటి మనిషితోనా ఇన్నాళ్ళు ఉన్నాను అనుకున్నా. రాత్రిళ్ళు మీరు నిద్రపోతుంటే మీ ముఖం చూసి అనుకునేదాన్ని." కళ్ళు నిండాయి, కానీ ముఖంలో ఉన్నది ఏడుపు కాదు, ఎన్నాళ్ళనుంచో మోస్తున్న బరువు కింద పెట్టిన మనిషి ముఖం అది. ఆయనకేమో సరిగ్గా ఆ బరువే భుజం మీదికెక్కింది. చెవిటివాడినయినందుకు నా భార్య సంతోషపడుతోంది, అనుకున్నాడు, అనుకుంటే నవ్వొచ్చింది, నవ్వు సగంలో ఆగిపోయింది.

"అడగొచ్చుగా," అన్నాడు.

"అడిగానుగా. ఇదేనా విన్నదంటే, విన్నదే రాస్తానన్నారు."

అవును. అదే అన్నాడు. ఆయన జేబులోంచి టికెట్లు తీశాడు, తీసి ఏం చెయ్యాలో తెలియక మోకాలి మీద పెట్టుకున్నాడు. కొన్ని తలుపులు మూసుకున్నాక మళ్ళీ తట్టకూడదు. చెత్త వాక్యం. అటకమీద పెట్టె ఉంది, అందులో ఉత్తరాలున్నాయి, అవి విప్పాలి, విప్పాక శనివారం కచేరీ గురించి కాదు, ముందు ఐదేళ్ళ కిందటి కచేరీ గురించి రాయాలి, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో. రాస్తే ఆ తర్వాత తన మాట ఎవరు నమ్ముతారు? నమ్మరు. నమ్మకపోవడమే న్యాయం కూడా. అవన్నీ ఇంటికెళ్ళాక.

"ఏం వినలేదో అది తెలియకుండా ఎలా రాయను? ఎలా ఉంటుందో చెప్పు," అన్నాడు.

"చెప్తే వచ్చేదా అది," అంది భార్య. చుట్టూ చూసింది. సిగ్గుపడింది, అరవై ఆరేళ్ళ మనిషి, పదిమంది మధ్యలో. తర్వాత పైటచెంగు సర్దుకుని, కుర్చీలో ఆయన వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, పెదవులు గుండ్రంగా చుట్టింది.

బుగ్గలు కాస్త లోపలికి పోయాయి. గొంతు దగ్గర నరం కదిలింది. ఎదురుగా ఫోను చూసుకుంటున్న మనిషి తలెత్తాడు. రిసెప్షన్‌లో అమ్మాయి రాస్తున్న పెన్ను ఆపింది. తల్లి ఒళ్ళో ఉన్న పసిపిల్ల ఏడుపు మాని ఇటు తిరిగింది. మూలన కూర్చున్న ముసలాయన ఒక్కడే ఏమీ ఎరగనట్టు నేల చూస్తూ ఉన్నాడు, ఏమీ అందనిది ఆయనకీ తనకీ మాత్రమే. అలవాటు కొద్దీ గడియారం చూసుకున్నాడు. పదకొండు సెకన్లు. ఆవిడ కళ్ళు తెరిచింది. ఎవరో రెండు చప్పట్లు కొట్టారు, అవి వినబడ్డాయి.

ఆరుమార్కులాయన భార్య పెదవుల వైపే చూస్తూ, ఎవరికీ ఎప్పుడూ అననిమాట అన్నాడు.

"వన్స్ మోర్."